ఆయన మిమ్మును చూచెనా?

చదువవలసిన వాక్యభాగములు: మార్కు 10:46–52, లూకా 13:24–27, యాకోబు 2:1–9



2000వ సంవత్సరము మార్చి 24వ తేదీని, అప్పటి అమెరికా దేశాధ్యక్షుడు బిల్ క్లింటన్‌గారు హైదరాబాదు నగరమునకు వచ్చిరి. ఆ దినములలో నేను ఆ నగరమందొక చిన్న సంఘములో సహాయ బోధకుడుగా పనిచేయుచుంటిని. ఆయన హైటెక్ సిటీలో ప్రసంగించుటకు వెళ్లునని పత్రికలో చదివి, నేనును బేగంపేటలో జనులతోకూడ రోడ్డు ప్రక్కను నిలువబడితిని. ఎండ తీవ్రముగా నుండెను. బస్సులాగు చోటనున్న వేపచెట్టు క్రింద నీడ ఖాళీగా కనబడగా, సంతోషించి అక్కడ చేరితిని. రెండు గంటలు కాచుకొనిన తరువాత పోలీసువారి మోటారు సైకిళ్లు, జీపులు, వాటివెనుక నల్లని కార్లు వరుసగా వచ్చి రెప్పపాటులో దాటిపోయెను. కార్ల అద్దములును నల్లనివే. లోపల ఎవరున్నదియు తెలియలేదు. నా ప్రక్కనున్న యువకుడు, "అదిగో, చెయ్యి ఊపాడు!" అని కేకవేసెను. నాకైతే ఏ చేయియు కనబడలేదు.

జరిగినది ఇంతే. నేను చెప్పుకొనినది వేరు.

ఆ సాయంకాలము ఇంటివారితో, "క్లింటనుగారిని చూచితిని" అంటిని. ఈస్టరు పండుగకు మా ఊరు వెళ్లినప్పుడు, ఆయన కారులోనుండి చేయి ఊపినట్లు చెప్పితిని. ఆ మరుసటి సంవత్సరము ఆ చేయి నా వైపునకే ఊపబడెను. ఇంకొక రెండేండ్లకు అద్దము దిగెను, ఆయన చిరునవ్వు నవ్వెను. అబద్ధము చెప్పవలెనని నేనెన్నడును కూర్చుండి ఆలోచింపలేదు. పశువుకు రోజుకింత గడ్డి వేసినట్లు, వినువారి కన్నులలోని ఆశ్చర్యమే ఆ కథకు మేత వేసి పెంచెను.

తరువాత నేను పల్లె సంఘమునకు వచ్చితిని. ఒక ఆదివారమున ప్రసంగములో ఏదో సందర్భమున ఈ కథ చెప్పితిని. ఆరాధన ముగిసి అందరును వెళ్లుచుండగా, చెంగు తలమీదికి లాగుకొనుచు ఒక అవ్వ వాకిట ఆగి, "అయ్యగారూ, మీరు ఆయన్ని చూశారు, సరే. ఆయన మిమ్మల్ని చూశాడా?" అని యడిగెను. ఆమె నన్ను పరీక్షించుటకు అడుగలేదు. అంత గొప్పవాని చూపు తన అయ్యగారిమీద పడెనా అని తెలిసికొనగోరి నిజముగానే అడిగెను. నేను, "చూశాడవ్వా" అని చెప్పితిని. మందిరపు గుమ్మములో నిలిచి, చేత బైబిలు పట్టుకొని చెప్పిన అబద్ధమది.

ఈ మాసము మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఆ అవ్వ అడిగినదే. ప్రసిద్ధులైనవారిని చూడవలెనని, వారి ప్రక్కను నిలువబడవలెనని మనకింత ఆశ ఎందుకు? అట్లు చూచినందువలన మనకు కలుగునదేమి? ఆ చూపునకు వెల ఎవరు చెల్లించుదురు?

మన పల్లెలనుండి ఎందరో పిల్లలు మాధాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము ప్రాంతములకు వెళ్లి పనిచేయుచున్నారు. కొందరు కంప్యూటరు ఎదుట, కొందరు కారు స్టీరింగు ఎదుట, కొందరు గేటు వద్ద కాపలాదారు దుస్తులలో. పండుగకు వచ్చునప్పుడు వారి సెల్‌ఫోనులలో సినిమా నటునితో తీయించుకొనిన ఫోటోయో, క్రికెట్ ఆటగానితో తీసికొనిన సెల్ఫీయో ఉండును. తల్లి దానిని పెద్దదిగా చేయించి, ప్రభువు పటము ప్రక్కను గోడకు తగిలించును. ఆ ఫోటోలో నటుని చూపు ఎటో ఉండును, మనవాని చూపు ఫోనులోనికి ఉండును. నేను వారిని నవ్వుటకు వ్రాయుటలేదు. నా దినములలో చేతిలో ఫోను లేదు గనుక నేను నోటితో ఆ పటము గీసికొంటిని.

గొప్పవారిని చూడగోరుట పాపమని నేను చెప్పను. జక్కయ్య యేసును చూడగోరి మేడిచెట్టు ఎక్కెను. అందునుగూర్చి ప్రభువాయనను గద్దింపలేదు. పన్ను వసూలుచేయు అధికారి, ధనవంతుడు, నలుగురు చూచి నవ్వుదురని యెంచక చిన్నపిల్లవానివలె చెట్టెక్కెను. అతడు చూచుటకు వెళ్లి, చూడబడెను. ప్రభువు చెట్టు క్రింద ఆగి అతని పేరు పిలిచెను. ఆ దినమున యెరికోలో వేలమంది యేసును చూచియుందురు. ఇంటికి వెళ్లి, ఆయన మా వీధిని నడిచెనని చెప్పుకొనియుందురు. ఆ మాట చెప్పుకొనువారినిగూర్చి ప్రభువే లూకా 13వ అధ్యాయములో ముందుగా చెప్పియున్నాడు. తలుపు వేయబడిన తరువాత వారు వచ్చి, ఆయన యెదుట తిని త్రాగితిమనియు, తమ వీధులలో ఆయన బోధించెననియు అందురట. ఆయనయైతే వారెక్కడివారో ఎరుగనని చెప్పునట. ఈ వాక్యమును నేను అనేకమారులు బోధించితిని. అది నల్లని కార్ల కథ చెప్పుకొను బోధకునికి తగిలెడి వాక్యమని మాత్రము చాలకాలము తోచలేదు.

గొప్పవారి దర్శనము మేలుకొరకు కోరబడుటయు కలదు. హైటెక్ సిటీ పుట్టుకలోనే అట్టి సంగతి యున్నది. 1997లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడుగారు ఢిల్లీలో మైక్రోసాఫ్ట్ అధిపతియైన బిల్ గేట్స్‌గారిని కలిసికొనిరి. పది నిమిషములకు మాత్రమే అనుమతి దొరికెననియు, మాటలు ముప్పావు గంట వరకు సాగెననియు చెప్పుదురు. 1998లో మైక్రోసాఫ్ట్ సంస్థ హైదరాబాదులో తన కేంద్రమును తెరచెను. ఆ సంవత్సరమే నవంబరు 22వ తేదీని, బండరాళ్ల నేలయైన మాధాపురములో, గుండ్రని సైబర్ టవర్స్ భవనమును అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయిగారు ప్రారంభించిరి. రాజకీయముల విషయమై ఎవరి అభిప్రాయము వారికుండును. మన పల్లెల పిల్లలకు కూడ అక్కడ అన్నము దొరకుచున్నదన్నది మాత్రము నిజము.

నెహెమ్యా కూడ రాజు సముఖమున నిలిచినవాడే. అర్తహషస్త రాజునకు ద్రాక్షారసమందించు పని అతనిది. తలుపులు తెరచియున్న ఒక్క గడియలో అతడు మనస్సులో ప్రార్థించి, పాడైన తన పితరుల పట్టణమునుగూర్చి మాటలాడి, దారికి తాకీదులు, గుమ్మములకు మ్రానులు అడిగెను. రాజుతో మాటలాడితినని గొప్పలు చెప్పుకొనుటకు అతడు యెరూషలేమునకు వెళ్లలేదు, గోడ కట్టుటకు వెళ్లెను. ఎస్తేరు సంగతియు మీరెరుగుదురు. పెద్దలవద్దకు ఇతరులకొరకు వెళ్లువాడు ఆ దర్శనమును ఖర్చుపెట్టి వచ్చును. తనకొరకు వెళ్లువాడు దానిని మూటకట్టుకొని వచ్చి ఊరంతయు విప్పి చూపించును. నా మూటలో ఏమియు లేకపోయినను విప్పి చూపించితిని.

2017 నవంబరు 28వ తేదీని మరల అట్టి సందడి నగరమునకు కలిగెను. మాధాపురములోని అంతర్జాతీయ సమావేశ కేంద్రములో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగెను. అప్పటి అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్‌గారి కుమార్తె ఇవాంకా ట్రంప్‌గారు వచ్చిరి. మన ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారును వచ్చిరి. రాత్రి ఫలక్‌నుమా ప్యాలెస్‌లో విందు జరిగెను. ఆ రాకకు ముందు రోడ్లు బాగుచేసిరి, గోడలకు రంగులు వేసిరి. నవంబరు ఆరంభములోనే నగరములో బిచ్చమెత్తుట నిషేధింపబడినదనియు, 2018 జనవరి 7 వరకు ఆ ఉత్తర్వు అమలులోనుండుననియు పోలీసువారు ప్రకటించిరి. కూడళ్లలోను గుడుల యొద్దను మసీదుల యొద్దను కూర్చుండువారిని తీసికొనిపోయి, పురుషులను చంచల్‌గూడ జైలు ఆవరణలోను, స్త్రీలను చర్లపల్లి జైలు ఆవరణలోను ఏర్పరచిన ఆశ్రమములలో ఉంచిరి. బిచ్చగానిని చూపించినవారికి 500 రూపాయల బహుమానమని జైళ్లశాఖ ప్రకటించెను. వారికి పునరావాసము కల్పించుటకే ఇది చేయుచున్నామని అధికారులు చెప్పిరి. అట్లు మేలు పొందినవారును ఉండవచ్చును. అయినను, అంతకుముందు అన్ని యేండ్లు కనబడని వారి ఆకలి అతిథి వచ్చు నెలలోనే కనబడుట ఏమి?

ఈ వార్తలలో చివరగా ఒక వాక్యముండెను. 2000లో క్లింటనుగారు వచ్చినప్పుడు కూడ బిచ్చగాండ్రను ఇట్లే రోడ్లమీదనుండి తొలగించిరట.

పత్రిక నా చేతిలో ఉండగానే ఆ వేపచెట్టు నాకు జ్ఞాపకము వచ్చెను.

ఆ చెట్టు క్రింద ఒక చూపులేని ముసలివాడు కూర్చుండెడివాడు. దినదినము అక్కడ బస్సు దిగి నేను సంఘపు పనికి వెళ్లుదును. అతని యెదుట ఒక గోనెపట్ట, దానిమీద సత్తుగిన్నె. అప్పుడప్పుడు రూపాయి వేయుదును. రూపాయి పడిన శబ్దము విని అతడు తలయెత్తి, "చల్లగా ఉండు బాబూ" అనెడివాడు. క్లింటనుగారు వచ్చిన దినమున ఆ చోట గోనెపట్ట లేదు, గిన్నె లేదు. నేల ఊడ్చి, అంచులకు సున్నము చల్లబడియుండెను. నేను దానిని చూచి, అబ్బ, నీడ ఖాళీగా ఉన్నదే అని సంతోషించితిని! అతని చోటనే నిలువబడి అధ్యక్షునికొరకు రెండు గంటలు కాచుకొంటిని. అతడెక్కడ అని ఆ రెండు గంటలలో ఒక్కమారైనను అనుకొనలేదు. అతని గిన్నె అక్కడ లేదని తెలిసికొనుటకు నాకు పదునేడేండ్లు పట్టెను. అతనిని ఎవరైన తీసికొనిపోయిరో, తానే లేచిపోయెనో, మరల వచ్చెనో, ఏమియు నేను కనుగొనలేదు. క్లింటనుగారి నవ్వును, లేని నవ్వును, ఇన్ని యేండ్లు జాగ్రత్తగా దాచుకొంటిని. ఉన్న మనుష్యుని పోగొట్టుకొంటిని.

యెరికో త్రోవలో జరిగినది ఇప్పుడు మరల చదువుడి. పస్కాపండుగకు జనులు యెరూషలేమునకు ఎక్కిపోవు కాలమది. బిచ్చమడుగువానికి అంతకంటె మంచి చోటులేదు. బర్తిమయి కేకలు వేయగా, ఊరుకొమ్మని అనేకులు అతనిని గద్దించిరి. వారు చెడ్డవారు కారు. గొప్ప బోధకుడు వచ్చుచుండగా దారి శుభ్రముగా, నిశ్శబ్దముగా ఉండవలెనని కోరినవారు. ఊరి పరువు నిలువబెట్టువారు. అయితే ఆ ఊరేగింపు ఎవరికొరకో ఆయనే ఆగిపోయెను. అతనిని పిలువుడని వారితోనే చెప్పెను. గద్దించిన నోళ్లే ధైర్యము చెప్పవలసివచ్చెను. ఆ తరువాత ప్రభువు ఆ చూపులేనివాని కేమి కావలెనో తెలిసియు, అతనినే అడిగెను. రూపాయి వేసి వెళ్లిపోలేదు. నీ మేలు మాకే తెలియునని చేయిపట్టి ఎక్కడికో తీసికొనిపోనులేదు.

అదే అధ్యాయములో కొంచెము పైన, చాల ఆస్తిగలవాడొకడు ప్రభువునొద్దకు పరుగెత్తుకొని వచ్చి మోకాళ్లూనెను. వాని పేరు మార్కు వ్రాయలేదు. త్రోవప్రక్క బిచ్చగాని పేరు వ్రాసెను, అతని తండ్రి పేరుకూడ వ్రాసెను. లూకా సువార్తలోను అంతే: ఊదారంగు బట్టలు కట్టుకొనిన ధనవంతునికి పేరులేదు, వాని వాకిట పడియున్న లాజరుకు పేరున్నది. మన పత్రికలలో, మన పెండ్లి శుభలేఖలలో, మన సభల కరపత్రములలో ఎవరి పేర్లు పెద్ద అక్షరములతో ఉండునో మీరెరుగుదురు.

గొప్పవారిని నిందించుట సులభము. నేను నిందింపను. అదే దినమున క్లింటనుగారు నగరములోని మహావీర్ ఆసుపత్రికి వెళ్లి, క్షయ మొదలైన రోగములను నిర్మూలించుటనుగూర్చి మాటలాడిరి. రోగులయొద్దకు వెళ్లనొల్లని మనుష్యుడు కాడు. అయితే ఆయన త్రోవను ముందే ఊడ్చినవారు ఆయనకు చూపించిన హైదరాబాదు వేరు. నల్లని అద్దము రెండువైపుల పనిచేయును. మనకు ఆయన కనబడలేదు, ఆయనకు వేపచెట్టు క్రింది మనిషి కనబడలేదు. ఈ విషయములో పెద్దలు జాలిపడదగినవారు. లుస్త్ర పట్టణములో జనులు ఎద్దులను పూదండలను తెచ్చినప్పుడు బర్నబాయు పౌలును బట్టలు చించుకొని, మేమును మీవంటి మనుష్యులమే అని మొఱ్ఱపెట్టవలసివచ్చెను. ఎవరి మెడలో దండలు వేయుచున్నామో వారిని మనుష్యులుగా ఉండనిచ్చుటలేదు.

మన సంఘపు అమ్మాయి ఒకతె హైటెక్ సిటీలోని పెద్ద అద్దాల మేడలో ఊడ్చి తుడుచు పని చేయుచున్నది. ఒకమారు ప్రపంచమంతట పేరుగల మనిషి ఒకరు ఆ మేడకు వచ్చుచున్నారని, తెల్లవారుజామున నాలుగు గంటలకే వారందరిని పిలిచి గచ్చు, అద్దములు, మెట్లు తుడిపించిరట. తొమ్మిది గంటలు కాగానే, నీలిరంగు బట్టలవారెవరును కనబడకూడదని క్రిందనున్న సామానుల గదిలో కూర్చుండబెట్టిరట. మధ్యాహ్నము వరకు ఆ గదిలోనే. క్రిస్మసుకు వచ్చినప్పుడు ఆమె ఇది చెప్పగా, "నీకు కష్టం అనిపించలేదా అమ్మా?" అని అడిగితిని.

"ఏముంది అయ్యగారూ, ఆయన నడిచిన గచ్చు నేను తుడిచిందే గదా" అని నవ్వెను. కొంచెము ఆగి, "పన్నెండుమందిమి ఉన్నాం ఆ గదిలో. రెండేళ్లుగా ఒకే చోట పని చేస్తున్నాం. ఎవరిది ఏ ఊరో ఆ రోజే తెలుసుకున్నాం. ఒకామెకు మా అమ్మకున్న జబ్బే ఉందట. మందు ఎక్కడ చవకగా దొరుకుతుందో చెప్పింది" అనెను.

ఆ మేడలో ఆ దినమున ఒకరినొకరు నిజముగా కలిసికొనినది ఆ సామానుల గదిలోనే అని నాకు తోచును.

పట్టణమువారి సంగతి విని మనము తలలూపనక్కరలేదు. మన మందిర వార్షికోత్సవమునకు ఎమ్మెల్యేగారో, పేరుగల ప్రసంగీకుడో వచ్చునప్పుడు ముందు వరుసలో ఏమి చేయుదుము? ప్రతి ఆదివారము పీఠము ఎదుట చాపమీద కూర్చుండు అవ్వలను లేపి, చాప చుట్టి, కుర్చీలు వేయుదుము. మైకు సరిగా వినబడని చోట, చెప్పులు విడుచు చోట వారిని కూర్చుండబెట్టుదుము. బంగారపు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి చోటు చూపుటనుగూర్చి యాకోబు వ్రాసినది ఆలయములోని సంగతియే గాని బజారు సంగతి కాదు. మన పెద్దలలో వేరు విధముగా నడిచినవారు లేకపోలేదు. 1912లో బిషప్పుగా అభిషేకింపబడిన దోర్నకల్లు అజరయ్యగారు ఎడ్లబండిమీద పల్లెలు తిరిగి, పేదలైన విశ్వాసుల మధ్య కూర్చుండిరి. ఎవరికొరకు వచ్చిరో వారినే దారికడ్డమని లేపుట ఎట్లు?

మా సంఘములోను ఒక వార్షికోత్సవమున చాప చుట్టబడెను. చుట్టుమని చెప్పినది నేనే. ఆ దినమున లేచి వెనుకకు వెళ్లినవారిలో, నన్ను వాకిట ప్రశ్న అడిగిన అవ్వ కూడ ఉండెను.

2017లో ఆ వార్త చదివిన వారములోనే నేను ఆమె ఇంటికి వెళ్లితిని. ఆమె అరుగుమీద కూర్చుండి చింతపండు గింజలు తీయుచుండెను. అధ్యక్షుడు నన్ను చూడలేదనియు, నేనును ఆయనను చూడలేదనియు, గుమ్మములో చెప్పినది అబద్ధమనియు ఒప్పుకొంటిని. ఆ మాట ఆమెకు జ్ఞాపకమే లేదు. "పోనీలెండి" అని చింతపండు ప్రక్కకు జరిపి, కూర్చుండుటకు చోటిచ్చెను. అప్పుడు వేపచెట్టు సంగతి, గోనెపట్ట సంగతి, నేను నిలువబడిన చోటి సంగతి చెప్పితిని. దానిని ఆమె పని ఆపి వినెను.

"ఆయన పేరేంది అయ్యగారూ?" అని అడిగెను. "ప్రార్థనలో తలుచుకుంటా."

నాకు తెలియదని చెప్పితిని.

ఆ అవ్వ మూడేండ్ల క్రిందట ప్రభువునందు నిద్రించెను. చివరి దినముల వరకు రాత్రి కుటుంబ ప్రార్థనలో కొడుకులు, కోడండ్రు, మనుమల పేర్లన్నియు చెప్పిన తరువాత, "వేపచెట్టు కింద పెద్దాయన" అని ఒకమారు అనెడిదని ఆమె కోడలు నాతో చెప్పెను. ఆయన ఎవరో ఇంటిలోనివారెవరికిని తెలియదట. పిల్లలు ఎవరో చుట్టమనుకొనిరట.